కెటాలేజ్ వేసినా రెండో రోజు కణాలు ఎందుకు చచ్చాయి?

ప్రశ్న: ఒంగోలులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదువుతున్నాను. కొత్తపట్నం ఒడ్డున కొన్న కానగర్తల కడుపులో తెల్లటి పురుగులు చుట్టలు చుట్టుకుని కనిపించాయి. జపాన్‌లో ఇలా పురుగు పట్టిన చేపలోంచే కణాలను చంపే ఎంజైమ్ తీశారని చదివి, దాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాను. చేపల లోపలి భాగాల నుంచి సారం తీసి, చెన్నైలో ఒక ల్యాబ్‌లో ఆర్‌పీఎంఐ అనే మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవం) పెంచిన హీలా అనే క్యాన్సర్ కణాల మీద వేశాను. మొదటి రోజే కణాలు చచ్చాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటాలేజ్ ఎంజైమ్ కలిపిన వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటలు) మొదటి రోజు బతికాయి గాని, రెండో రోజుకు అవీ పోయాయి. కెటాలేజ్ పాడై ఉంటుంది, ఆ ఫలితం వదిలెయ్యమంటున్నారు మా గైడ్ గారు. లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ఎంజైమ్ పరీక్ష చేస్తే రంగే రాలేదు. ఫ్రీజర్‌లో దాచిన సారం రెండోసారి పనిచేయలేదు. మా అన్నయ్య రక్తపింజర విషం తెప్పిస్తానంటున్నాడు. ఇది క్యాన్సర్ మందు అవుతుందని థీసిస్‌లో రాయొచ్చా? ఇంకొకటి, మా అమ్మ ఇక కానగర్తలు వండనంటోంది.

సమాధానం: ఆ రెండో రోజు ఫలితాన్ని మాత్రం వదిలెయ్యకండి. మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన గమనిక అదే కావచ్చు. మీ గైడ్ గారి అనుమానమూ న్యాయమైనదే. కణాలు ఆకలితో చచ్చాయా, గైడ్ గారన్నట్టు కెటాలేజ్ పాడవడం వల్లనా అన్నది తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: కెటాలేజ్ వేసిన వెల్స్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మళ్లీ పోసి చూడటం. అది ఎందుకో అర్థం కావాలంటే ఈ ఎంజైమ్ చేసే పని దగ్గర మొదలుపెట్టాలి.

మీరు చదివిన జపాన్ ఎంజైమ్‌కు ఏఐపీ అని పేరు. అక్కడి మాకరెల్ చేపలో అనిసాకిస్ అనే పురుగు పిల్లలు చేరితే చేప వాటి చుట్టూ పొర కడుతుంది. ఈ ఎంజైమ్ ఆ పొరలోనే ఉంటుంది. అంటే దీన్ని తయారుచేసేది చేప, పురుగు కాదు. అమైనో ఆమ్లాల్లో లైసిన్‌ను మాత్రం ఏరి, ఆక్సిజన్ సాయంతో విరగ్గొట్టడం దాని పని. లైసిన్ అణువు ఒకటి పోయినప్పుడల్లా ఒక కీటో ఆమ్లం, ఒక అమ్మోనియా, ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ బయటికొస్తాయి. పాము విషంలోని ఎల్-అమైనో ఆసిడ్ ఆక్సిడేజ్, సముద్రపు కుందేలు అనే నత్తజాతి జీవి సిరాలోని ఎస్కేపిన్, పెద్ద ఆఫ్రికా నత్త జిగురులోని అకాసిన్, ఇవన్నీ ఇలాగే అమైనో ఆమ్లాలను విరగ్గొట్టే ఎంజైమ్‌లు. సముద్రపు కుందేలు చేసే ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. ఎంజైమ్ ఒక గ్రంథిలో, లైసిన్ ఇంకో గ్రంథిలో విడివిడిగా దాచుకుని, శత్రువు మీదపడ్డప్పుడు రెండూ ఒకేసారి చిమ్ముతుంది. రెండూ నీళ్లలో కలిశాకే పెరాక్సైడ్ పుడుతుంది, తన ఒంట్లో కాదు.

ఇక్కడ కణం రెండు విధాలుగా చావొచ్చు. ఒకటి విషం: పుట్టిన పెరాక్సైడ్ కణంలోకి దూరి మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది, దానిలోని సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి జారుతుంది, కణాన్ని లోపల్నుంచే కోసే కాస్పేజ్ ఎంజైమ్‌లు మేల్కొంటాయి. రెండోది ఆకలి: మీడియంలో లైసిన్ అయిపోతుంది. ఏఐపీ మీద 2001లో అచ్చయిన పనిలో హెచ్‌ఎల్-60 అనే ల్యుకేమియా కణాలకు ఈ రెండు చావులూ చూపించారు, త్వరగా వచ్చేది పెరాక్సైడ్ వల్ల, ఆలస్యంగా వచ్చేది లైసిన్ కరువు వల్ల. మీకు మొదటి రోజు, రెండో రోజు కనిపించిన తేడా దీనికి సరిగ్గా సరిపోతోంది. అయితే సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆర్‌పీఎంఐ-1640లో లైసిన్ హైడ్రోక్లోరైడ్ లీటరుకు 40 మి.గ్రా., అంటే 0.22 మిల్లీమోలార్. 96 వెల్స్ ప్లేటులో వెల్‌కు 100 మైక్రోలీటర్లు పోస్తే అందులో ఉండేది 22 నానోమోల్స్. ఒక మిల్లీయూనిట్ ఎంజైమ్ నిమిషానికి ఒక నానోమోల్ తింటుంది. అదే వేగంతో సాగితే 22 నిమిషాల్లో గిన్నె ఖాళీ. లైసిన్ తగ్గేకొద్దీ వేగం మందగిస్తుంది కాబట్టి కొన్ని గంటలు అనుకోండి. అప్పటికి పుట్టిన పెరాక్సైడ్ మొత్తం 220 మైక్రోమోలార్. పల్చగా పెరిగిన చాలా రకాల కణాలకు 100 నుంచి 200 మైక్రోమోలార్ చాలు చావడానికి. కాబట్టి ఈ జాతి ఎంజైమ్ ముందు విషం పెట్టకుండా ఆకలితో మాడ్చడం కుదరదు. ఆకలిని విడిగా చూడాలంటే పెరాక్సైడ్‌ను పుట్టినచోటే తుడిచెయ్యాలి. కెటాలేజ్ వేసేది అందుకే. అమ్మోనియా సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఈ లెక్కన అది 0.22 మిల్లీమోలార్ దాటదు.

కెటాలేజ్ మి.లీ.కు 200 యూనిట్లు ఉంటే, పైన చెప్పిన ఒక మిల్లీయూనిట్ ఎంజైమ్ ఎంత పుట్టించినా వెల్‌లో పెరాక్సైడ్ ఒక మైక్రోమోలార్ లోపే నిలుస్తుంది. చిక్కేమిటంటే 37 డిగ్రీల దగ్గర కెటాలేజ్ రోజంతా అదే బలంతో ఉండదు. రెండో రోజుకు అది నీరసించి, మిగిలిన లైసిన్ నుంచి పుట్టిన పెరాక్సైడే కణాలను చంపి ఉండొచ్చు. మీ గైడ్ గారు అంటున్నది ఇదే.

ఇప్పుడు లైసిన్ సంగతి. ఎంజైమ్, కెటాలేజ్ రెండూ ఉన్న వెల్స్‌లో 12 గంటలకోసారి 0.2 మిల్లీమోలార్ చొప్పున లైసిన్ పోయండి. కణాలు చచ్చింది ఆకలితో అయితే ఇప్పుడు బతుకుతాయి. కెటాలేజ్ పాడవడం వల్ల అయితే మీరు పోసిన లైసిన్ పొయ్యిలో కట్టెలా పనిచేసి మరింత పెరాక్సైడ్ పుడుతుంది, కణాలు ఇంకా తొందరగా చస్తాయి. ఒకే చర్యకు రెండు కారణాలూ ఎదురెదురు ఫలితాలిస్తాయి కాబట్టి జవాబు తేలికగా దొరుకుతుంది. పక్కనే ఇంకో వరసలో 24 గంటలప్పుడు తాజా కెటాలేజ్ మాత్రం మళ్లీ వెయ్యండి. ఆ వరస బతికితే గైడ్ గారిదే నిజం.

పోల్చుకోవడానికి ఉండాల్సినవి: ఉత్త బఫర్ వేసినవి, ఉడకబెట్టిన సారం వేసినవి, సారంతో పాటు ఉడకబెట్టిన కెటాలేజ్ వేసినవి, కెటాలేజ్ ఒక్కటే వేసినవి, లైసిన్ లేని మీడియంలో పెట్టినవి. ఉడకబెట్టిన కెటాలేజ్ తప్పనిసరి. మాంసకృత్తులు ఏవైనా కొంత పెరాక్సైడ్‌ను పీల్చుకుంటాయి, అది కెటాలేజ్ ఘనత అనుకునే ప్రమాదం ఉంది. పురుగు లేని కానగర్తల నుంచి అదే పద్ధతిలో తీసిన సారం కూడా ఒక వరస ఉండాలి. అది లేకపోతే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు. ఆ పురుగు అనిసాకిస్సేనని కూడా ముందే అనుకోకండి. కొన్నిటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి మీ జువాలజీ విభాగంలో చూపించండి.

వీలుంటే ఇంకొకటి చెయ్యండి, అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇది. కణాలు లేకుండా ఉత్త మీడియంలో ఎంజైమ్, కెటాలేజ్ కలిపి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే 10 కిలోడాల్టన్ల ఫిల్టర్ గుండా సెంట్రిఫ్యూజ్‌లో దింపితే ఎంజైమ్‌లు రెండూ పైనే ఆగిపోతాయి, లైసిన్ కరువైన మీడియం కిందికి దిగుతుంది. దానికి 10 శాతం డయాలిసిస్ చేసిన సీరం కలపండి. మామూలు సీరం వేస్తే దానిలోని లైసిన్‌తో పనంతా చెడుతుంది. ఈ మీడియంలో సగానికి లైసిన్ 0.22 మిల్లీమోలార్ తిరిగి కలిపి, సగం అలాగే ఉంచి, రెండిటిలో కణాలు పెట్టండి. అమ్మోనియా, కీటో ఆమ్లం రెండు వైపులా సమానం. తేడా లైసిన్ ఒక్కటే.

ఆకలితో కణం ఎలా చస్తుందన్నది థీసిస్‌లో నాలుగు వాక్యాలైనా రాయాల్సిందే. లైసిన్ లేకపోతే దాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏలు ఖాళీగా తిరుగుతుంటాయి. జీసీఎన్-2 అనే కైనేజ్ వాటిని పసిగట్టి ఈఐఎఫ్-2 ఆల్ఫా అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది. జీన్లను లేపే ఏటీఎఫ్-4 అనే ప్రోటీన్ మాత్రం పెరుగుతుంది. ముందు అది కణాన్ని కాపాడే జీన్లనే లేపుతుంది. కరువు తీరకపోతే చాప్ అనే ప్రోటీన్ ద్వారా చావు వైపు తిప్పుతుంది. పైగా ఎంసీఎల్-1 లాంటి కాపలా ప్రోటీన్లకు ఆయుష్షు తక్కువ. కొత్తవి తయారవకపోతే గంటల్లో తరిగిపోతాయి. ఈ చావు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

మీరు కణాల చావును ఎంటీటీతో (బతికున్న కణాలు తెప్పించే రంగును కొలిచే పరీక్ష) కొలిచి ఉంటారు. ఇక్కడ అది మోసం చేస్తుంది. లైసిన్ లేని కణాలు ముందు పెరగడం ఆపేస్తాయి. కంట్రోల్ వెల్‌లో కణాలు రెండింతలు, నాలుగింతలు అవుతుంటే ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఎంటీటీ రంగు సగానికి తగ్గుతుంది, ఒక్క కణం కూడా చావకుండానే. అందుకని చచ్చిన కణాలకే పట్టే 0.4 శాతం ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టండి. తేలుతున్న కణాలను పారబోయకుండా వాటినీ కలిపి లెక్కించండి. 6, 24, 48, 72 గంటలకు చూడాలి. అపోప్టోసిస్ (కణం తనను తానే పద్ధతిగా చంపుకోవడం) అని రాయాలంటే అనెక్సిన్-వి పరీక్షో కాస్పేజ్-3 కొలతో ఉండాలి. పెరాక్సైడ్ మోతాదు ఎక్కువైతే అదే కణం అపోప్టోసిస్ దాటి నెక్రోసిస్‌తో పగిలిపోతుంది, కాబట్టి ఒక్క మోతాదుతో తీర్పు చెప్పకండి.

ఇంకో మోసం చేప పేగులది. వాటినిండా ట్రిప్సిన్ లాంటి ప్రోటియేజ్‌లే, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లే. అవి హీలా కణాలను ప్లేటు నుంచి ఊడదీస్తాయి. గుండ్రంగా అయి తేలుతున్న కణం చచ్చినట్టే కనిపిస్తుంది, మైక్రోస్కోప్‌లో తేడా తెలియదు. అందుకే పేగులు మొత్తంగా రుబ్బకుండా, పురుగు చుట్టూ ఉన్న పొరలను సన్నటి ఫోర్సెప్స్‌తో ఏరి తీసుకోండి. సరుకు తక్కువ దొరుకుతుంది గాని శుభ్రమైనది దొరుకుతుంది. అన్నీ ఐసు మీదే చెయ్యండి. గ్రాముకు 4 మి.లీ. చల్లటి 50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 7.5, ఉప్పు 150 మిల్లీమోలార్. ప్రోటియేజ్‌లను ఆపే పీఎంఎస్ఎఫ్ 1 మిల్లీమోలార్‌ను రుబ్బే క్షణంలోనే కలపాలి, నీళ్లలో అది గంటకు సగం చొప్పున పాడైపోతుంది. 10,000 జీ దగ్గర అరగంట తిప్పి పై తేటను తీసుకుని, ఐసు మీద 100 మి.లీ.కు 51.6 గ్రా. అమ్మోనియం సల్ఫేట్ మెల్లగా కలిపితే 80 శాతం సంతృప్తం అవుతుంది. అడుగున పడ్డదాన్ని కరిగించి, మూడుసార్లు బఫర్ మారుస్తూ డయాలిసిస్ చెయ్యండి. ఈ మెట్టు ఎగ్గొడితే పీఎంఎస్ఎఫ్, అమ్మోనియం, చేపలోని లైసిన్, అన్నీ కలిసి కణాల మీదికి పోతాయి.

లూసిన్‌తో రంగు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. లూసిన్ పాము విషం ఎంజైమ్‌కు ఇష్టమైన తిండి, ఏఐపీకి లైసిన్ కావాలి. పరీక్ష మళ్లీ ఇలా పెట్టండి: 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, ఎల్-లైసిన్ 5 మిల్లీమోలార్, ఆర్థో-ఫినిలిన్‌డయమిన్ 2 మిల్లీమోలార్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ (పుట్టిన పెరాక్సైడ్‌తో ఆ డయమిన్‌కు రంగు తెప్పించే ఎంజైమ్) మి.లీ.కు దాదాపు ఒక యూనిట్. 37 డిగ్రీల్లో గంట ఉంచి, 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆపి 492 నానోమీటర్ల దగ్గర చదవండి. పక్కన డీ-లైసిన్‌తో (ఎల్-లైసిన్‌కు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం) ఒక వరస పెట్టండి, అందులో రంగు రాకూడదు. ఆ డయమిన్ ఒంటికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోండి. బాటిల్‌లో సోడియం అజైడ్ కలిసి ఉందేమో చూసుకోండి. అది పెరాక్సిడేజ్‌నూ చంపుతుంది, కెటాలేజ్‌నూ చంపుతుంది, కణాలనూ చంపుతుంది. చేప కాలేయం ముక్క కలిస్తే దానిలోని సొంత కెటాలేజ్ మీ పెరాక్సైడ్‌ను రంగు రాకముందే మింగేస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే సారంలో తెలిసినంత పెరాక్సైడ్ కలిపి, అంత రంగూ వస్తోందా అని చూడండి. ఆ పెరాక్సైడ్ ద్రావణం బలాన్ని సీసా మీద రాసిన అంకె చూసి నమ్మకండి. 240 నానోమీటర్ల దగ్గర 10 మిల్లీమోలార్ ద్రావణం 0.436 చూపించాలి.

మీడియం మార్చాలనుకుంటే ఒక జాగ్రత్త. డీఎంఈఎం అనే ఇంకో మీడియంలో లైసిన్ 0.8 మిల్లీమోలార్, అంటే దాదాపు నాలుగింతలు. కొన్ని రకాల్లో 1 మిల్లీమోలార్ పైరువేట్ కూడా ఉంటుంది, అది పెరాక్సైడ్‌ను నేరుగా తినేస్తుంది. అందులో వేసి "ఎంజైమ్ పనిచేయలేదు" అనుకోకండి. ఆర్‌పీఎంఐలోనే ఉండండి.

ఫ్రీజర్ విషయానికొస్తే, పాము విషం నుంచి తీసిన ఎంజైమ్ గడ్డకడితే పని పోగొట్టుకుంటుందని చాలాకాలంగా తెలుసు. మైనస్ 20 దానికి ముఖ్యంగా చేటు. మీ ఎంజైమ్ కూడా ఆ కుటుంబానిదే కాబట్టి 4 డిగ్రీల్లో ఉంచి, వారం పది రోజుల్లో పని ముగించుకునేలా చూడండి. రోజూ ఒక చుక్కతో రంగు పరీక్ష చేసి బలం ఎంత ఉందో నోటుబుక్కులో రాయండి. చెన్నైకి రైల్లో తీసుకెళ్లేటప్పుడు డ్రై ఐస్ వద్దు. థర్మాకోల్ పెట్టెలో నీళ్ల ఐసు వేసి, ట్యూబులను గుడ్డలో చుట్టి పెడితే చాలు.

మీ అన్నయ్యకు గట్టిగా వద్దని చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా పాముల్ని పట్టి విషం తీయడం నేరం. మన జిల్లాల్లో పాముల సంగతి బాగా తెలిసిన యానాదుల్ని డబ్బాశ పెట్టి ఈ పనికి దించడం వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే. అనుమతితో విషం సేకరించే ఇరులర్ల సహకార సంఘం మహాబలిపురం దగ్గర 1978 నుంచీ ఉంది. ఎప్పటికైనా అవసరమైతే మీ సంస్థ తరఫున రాతపూర్వకంగా అడగాలి. పైగా మీ ప్రశ్నకు ఆ విషం పనికిరాదు. ఆ ఎంజైమ్ లూసిన్, ఫినైల్‌అలనిన్, మెథియోనిన్ అంటూ చాలా వాటిని తింటుంది. ఏది అయిపోయి కణం చచ్చిందో తేల్చడం కష్టం. లైసిన్ ఒక్కదాన్నే పట్టుకునే ఎంజైమ్ చేతిలో ఉండటం మీ అదృష్టం. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలనిపిస్తోంది. ఇంగ్లీషు వాళ్లు రక్తపింజరకు పెట్టిన పేరు పాట్రిక్ రస్సెల్‌ది. కంపెనీ కొలువులో మన తీరంలో పనిచేసిన ఆయనే విశాఖపట్నం చేపల మీద 1803లో పుస్తకం అచ్చువేసి, కానగర్త అనే మన తెలుగు పేరును అందులోకి ఎక్కించాడు. ఆ చేప శాస్త్రీయ నామంలో ఈనాటికీ ఉన్నది ఆ పేరే.

క్యాన్సర్ మందు అని రాయకండి. అమైనో ఆమ్లాన్ని తినే ఎంజైమ్ మందు అయిన మాట నిజమే, అదీ జంతువులోనే మొదలైంది. గినీ పిగ్ సీరం ఎలుకల్లో లింఫోమాను కరిగిస్తోందని జాన్ కిడ్ 1953లో చూపించారు. అందులో పని చేసేది ఆస్పరాజినేజ్ అని బ్రూమ్ 1961లో తేల్చారు. తర్వాత ఈ.కోలై బాక్టీరియా నుంచి తీసి, ఈనాటికీ పిల్లల ల్యుకేమియాలో వాడుతున్నారు. అది ఆస్పరాజిన్‌ను నీటితో విడగొడుతుంది, పెరాక్సైడ్ పుట్టదు. అంటే శుద్ధమైన ఆకలి. ఆస్పరాజిన్‌ను మామూలు కణాలు సొంతంగా చేసుకోగలవు, ఆ ల్యుకేమియా కణాలు సరిపడా చేసుకోలేవు. మందు పనిచేసేది ఈ తేడా మీదే. లైసిన్‌కు అలాంటి తేడా లేదు. మన ఒంట్లో ఏ కణమూ దాన్ని తయారుచేసుకోలేదు. కాబట్టి హీలా కణాలు చచ్చాయంటే మంచి కణాలూ చస్తాయనే ముందు అనుకోవాలి. "ఈ సారం హీలా కణాలను పెరాక్సైడ్ వల్ల, లైసిన్ కరువు వల్ల, రెండు వేగాలతో చంపుతోంది" అని మీ పరీక్షలు చూపిస్తే, ఆ ఒక్క వాక్యం థీసిస్‌కు చాలు. చూపించకపోతే కెటాలేజ్ ఎన్ని గంటలు నిలిచిందో కొలిచి అదే రాయండి.

ఇక అమ్మగారి భయం. కానగర్తలు నిశ్చింతగా వండమనండి. పొట్ట, పేగులు కొన్న వెంటనే తీసేసి కడగాలి. చేప చచ్చాక పురుగులు పేగుల్లోంచి కండలోకి పాకుతాయి, అందుకే వెంటనే. పులుసు కుతకుత ఉడికితే పురుగూ చస్తుంది, ఎంజైమూ గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ముక్క మధ్యలో కూడా 60 డిగ్రీలు దాటి ఉడికితే చాలు. చేప తిన్నాక ఎప్పుడైనా దద్దుర్లు లేచిన వాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం పురుగు కనిపించిన చేపను పక్కన పెట్టండి, చచ్చిన పురుగు కూడా ఎలర్జీ తెప్పించగలదు. వీటన్నిటికంటే ఆమె చూసుకోవాల్సింది ఐసు. కానగర్త కండలో హిస్టిడిన్ ఎక్కువ. ఎండలో గంటలకొద్దీ ఉంటే బాక్టీరియా ఎంజైమ్‌లు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, వాంతులు దాని వల్లే వస్తాయి, ఎంతసేపు ఉడికించినా హిస్టమిన్ పోదు. మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉన్నదాన్నే ఏరి, సంచిలో ఐసు వేసుకుని తెచ్చుకోమనండి. ల్యాబ్‌కు కొనే చేపలకూ మీరు అదే పాటించండి.